వెనేరా ఏడవని రోజు

ఏడవమనగానే ఏడవడానికి నేనేమైనా చంటిపిల్లనా? రోము నుంచి వచ్చిన సినిమా దర్శకుడికి ఈ ముక్క నాలుగు రోజులు చెప్పాను, చెవికెక్కలేదు. సిసిలీలో మా బెస్తవాళ్ళ మీద సినిమా తీస్తున్నాడు. నటులెవరూ లేరు, అన్ని వేషాలూ మావే. యుద్ధం పగలగొట్టిన గోడలు మా ఊరి నిండా ఉన్నాయి గనుక సెట్టింగుల బాధ కూడా లేదు. మొగుడి పడవ తిరిగి రాలేదని రాళ్ళ మీద నిలబడి ఏడవడం నా వంతు.

మాలో పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒడ్డున ఏ ఆడదీ కన్నీళ్ళు పెట్టదు. పెడితే సముద్రం ఆ ఉప్పు రుచి మరిగి, పడవలో మగాణ్ణి మింగేస్తుంది.

"పడవలు వచ్చేశాక ఏడుస్తాలే బాబూ," అన్నాను.

"అప్పటికి ఎండెక్కిపోతుందమ్మా. పోనీ ఉల్లిపాయ తెప్పించనా?"

"మా కోడలు వెనేరా రోజుకు వీశెడు తరుగుద్ది. దాన్ని ఉల్లిపాయేం చేసుద్దయ్యా?" అంది పక్కనే కర్ర పట్టుకుని కాపలా ఉన్న మా అత్త మారా.

అయిదో రోజు పొద్దున్నే పడవలన్నీ వచ్చాయి, మాది తప్ప. ఇంకొక్కసారి వల వేస్తే తప్ప మా ఆయన ఒరాత్సియోకి మనసు నిండదు. ఆఖరున రావడం మామూలే, కానీ అంత ఆలస్యం ఎప్పుడూ లేదు. యుద్ధంలో వదిలిన మందుపాతరలు ఇంకా నీళ్ళలో తేలుతూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు నా వంక చూడకుండా వలలు దులుపుకుంటున్నారు. పళ్ళు బిగబట్టి, రెప్ప వెయ్యకుండా నిలబడ్డాను. ఒక్క చుక్క జారినా మొగుణ్ణి నేనే చంపుకున్నట్టు. కెమెరా తిరుగుతోందని కూడా తెలియలేదు.

మిట్టమధ్యాహ్నం వచ్చాడు, పడవ మునిగేంత చేపతో.

"ఏమే, ఎండలో అట్టా నిలబడ్డావేం? కూడు వండలేదా?"

"నీ దినానికి వండుదామని ఆగా," అన్నాను. ఇంటికి పోయి తలుపేసుకుని తనివితీరా ఏడ్చాను.

మరుసటి ఏడు చర్చి ముందు దుప్పటి కట్టి ఆ సినిమా వేశారు. అందులో ఏడుపే లేదు. తెర నిండా నా ఎండిన కళ్ళే, ఎంతసేపటికీ కదలకుండా. కథలో మొగుడు మునిగిపోయాడు. ఊరంతా వెనక్కి తిరిగి ఒరాత్సియోని చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నేను ఆలస్యమైతే నీ మొహం ఇట్టా ఉంటదా?" అని మెల్లగా అడిగాడు.

"మరెట్టా ఉంటదీ? పెళ్ళికూతురులాగానా?"

ఆ మర్నాటి నుంచి అందరికన్నా ముందు మా పడవే ఒడ్డుకు వస్తోంది. చేప కాస్త తక్కువే. నేనేమీ అనను.