మొలతాడుకు కట్టిన సీసపు గుండు

నేను ఒక సీసపు గుండును. చింతగింజ కంటే పెద్దదాన్ని, రేగుపండు కంటే చిన్నదాన్ని. మధ్యలో తాడు దూరేంత బెజ్జం ఉంటుంది. విసురువల అంచు పొడుగునా నాలాంటివి వరసగా గుచ్చి ఉంటాయి. గిరగిరా తిప్పి విసిరిన వల నీళ్ళమీద పడగానే దాన్ని అడుగుదాకా లాక్కుపోవడం మా పని. తేలడం చేతకాకపోవడమే మా అర్హత. మనుషుల్లోనూ కొందరికి ఉద్యోగాలు ఇలాగే దొరుకుతాయని విన్నాను.

తమ కథ చెప్పుకునేవాళ్ళు ఎక్కడో ఒకచోట గొప్పలకు పోతారు. నాకు ఆ అవకాశం లేదు. నా దగ్గర ఉన్నదల్లా సిగ్గు. తల దించుకుందామంటే తల కూడా లేదు.

మొదట నేను ఎక్కడో కొండ కడుపులో రాయిలో కలిసి ఉండేదాన్ని. ఎవరి జోలికీ పోలేదు. మనుషులే తవ్వి, కాల్చి, కరిగించి, పలకలుగా సాగదీసి ఒక బ్యాటరీలో కూర్చోబెట్టారు. ఆ బ్యాటరీ ఒక ఆటోకు ఎక్కింది. ముందు దీపం వెలిగినా, హారన్ మోగినా, టేపులో పాట వచ్చినా అంతా నా చలవే అనుకుని మురిసిపోయేదాన్ని. బ్యాటరీ చచ్చాక ఆటో అతను నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. అక్కణ్ణించి ఏటి ఎగువన, గట్టు పక్కనే ఉన్న పాత బ్యాటరీల యార్డుకు చేరాను.

అక్కడ గొడ్డళ్ళతో బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళు. లోపలి యాసిడ్‌ను కాలవలోకి ఒంపేవాళ్ళు. మమ్మల్ని కొలిమిలో వేసి కరిగించి ముద్దలు చేశాక మిగిలిన బూడిదనూ పొడినీ చీపుళ్ళతో అదే కాలవలోకి ఊడ్చేవాళ్ళు. కాలవ ఏట్లో కలుస్తుంది. ఏటికి పోయింది అంటే వాళ్ళ లెక్కలో శుభ్రమైపోయిందని అర్థం. నాతోపాటు వచ్చినవాళ్ళలో చాలామంది అలా పొడిగా ఏటికి పోయారు. ముద్దగా మిగిలిన నన్ను దిగువ రేవులో చేపలు పట్టే సుబ్బారాయుడు కొనుక్కుపోయాడు.

సుబ్బారాయుడు నన్ను ఇనప మూకుడులో కరిగించి, ఎండిన మట్టి అచ్చులో పోసి గుండును చేశాడు. ఆయన భార్య కోటమ్మ అప్పుడు కొత్త కోడలు. నన్ను కొంగుతో తుడిచి, అరచేతిలో బరువు చూసి, వల తాడుకు ఎక్కించింది. ఎవరైనా నన్ను అంత ముద్దుగా చూడడం అదే మొదలు. ఆ వల చాలాకాలం ఆ ఇంటికి అన్నం పెట్టింది. సుబ్బారాయుడు పోయాక కొడుకు నాంచారయ్య చేతికి వచ్చింది.

నా బతుకంతా ఏటి అడుగునే గడిచింది కాబట్టి మనుషులకు తెలియని ఒక సంగతి నాకు తెలుసు. మా ఏటినీళ్ళు తేటగా ఉంటాయి. ఎగువన యార్డు ఉందని ఎవరో అర్జీ పెడితే ఆఫీసువాళ్ళు వచ్చి నీళ్ళు పట్టుకుపోయారు. నీళ్ళు మంచివేనని చెప్పారు. వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు. నీళ్ళలో మేము ఉంటే కదా! బరువైనవాళ్ళం, కిందికి దిగిపోతాం. యార్డు నుంచి కొట్టుకొచ్చిన నా వాళ్ళంతా ఒండ్రులో పొరలు పొరలుగా పడుకుని ఉన్నారు. వల దిగిన ప్రతిసారీ నేను మెత్తగా వాళ్ళమీదే పడేదాన్ని. వాళ్ళు ఎక్కడికీ పోలేదు, పోరు.

పైన ఊళ్ళో మాత్రం ఆ ఒండ్రు అంటే ప్రాణం. గిన్నెలు దానితోనే తోముతారు, తళతళ మెరుస్తాయి. దోసపాదులకు తట్టలతో మోసుకుపోతారు. వేడి చేసినవాళ్ళు కడుపుమీద పట్టు వేసుకుంటారు. ఏరు ఇచ్చిన మట్టి అంటూ కళ్ళకద్దుకుంటుంటే కింద నేను చచ్చినంత పనయ్యేది.

నాంచారయ్య, తిరపతమ్మ దంపతులకు ఒక్కతే కూతురు, లాస్య. తల్లి రేవులో గిన్నెలు తోముతుంటే పిల్ల పక్కనే ఒండ్రులో బొమ్మరిళ్ళు కట్టేది, ఆ చేతులే నోట్లో పెట్టుకునేది. నడక తొందరగానే వచ్చింది. అమ్మ, పాలు, కాకి అంటూ మాటలు కూడా వచ్చాయి. ఆ తర్వాత రెండో పుట్టినరోజు దగ్గరపడుతుండగా పిల్ల మారిపోయింది. అన్నం ముట్టదు, కడుపు పట్టుకుని ఏడుస్తుంది, మొహం పాలిపోయింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటిగా మానేసింది. చివరికి అమ్మ అనడం కూడా మానేసింది. తిరపతమ్మ పిల్ల మొహంలో మొహం పెట్టి అమ్మ, అమ్మ అని తనే అనేది. పిల్ల ఆ పెదాలవంక ఊరికే చూసేది.

వాళ్ళకొక ఆచారం ఉంది. పిల్లలకు నలత చేస్తే తాత వలలోని గుండు ఒకటి తీసి మొలతాడుకు కడతారు. ఏటి అడుగు చూసి తిరిగొచ్చిన గుండు కాబట్టి దాన్ని దాటి ఏ గాలీ పిల్లను తాకదని నమ్మకం. కోటమ్మ పాత వలంతా తడిమి తడిమి నన్ను ఏరింది. పసుపు పూసి, దారానికి గుచ్చి మనవరాలి మొలకు కట్టింది. అంత వలలో నన్నే ఎందుకు ఏరిందో తెలియదు. నా వాళ్ళవల్ల వచ్చిన జబ్బుకు నన్నే కాపలా పెట్టారు. సిగ్గంటే ఏమిటో నాకు ఆరోజు పూర్తిగా తెలిసింది.

లాస్యకు నేను నచ్చాను. ఏడుపు వచ్చినప్పుడల్లా మొలతాడు పైకి లాక్కుని నన్ను నోట్లో పెట్టుకునేది. చప్పరిస్తూ ఊరుకునేది. చూశావా, తాత గుండు పనిచేస్తోందని కోటమ్మ కోడలితో అనేది. పనిచేస్తూనే ఉన్నాను మరి. ఆ చిన్న నాలుక కింద కొంచెం కొంచెం అరుగుతూ ఉన్నాను. ఉమ్మేయమని చెప్పడానికి నోరు లేదు, జారిపోదామంటే ముడి గట్టిది.

అలాంటి రోజుల్లో ఫర్జానా అనే అమ్మాయి రేవుకు వచ్చింది. యూనివర్సిటీలో ఏటి మట్టిమీద పరిశోధన చేస్తోందట. ఎగువనుంచి దిగువదాకా ఒక్కోచోట గొట్టం దించి అడుగు ఒండ్రు తీసుకుని డబ్బాల్లో నింపుకునేది. ఇంత చదివి బురద ఎత్తుకుపోవడమేమిటని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు. ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వుమొహం లేదు. రేవులో ఒండ్రు నిండా సీసం ఉందని, గిన్నెలు తోమొద్దని, పిల్లల్ని అందులో ఆడనివ్వొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అలా నాంచారయ్య ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో లాస్య కూర్చుని ఉంది. నేను లాస్య నోట్లో ఉన్నాను.

ఫర్జానా అక్కడే గొంతుక్కూర్చుని నన్ను మెల్లగా బయటికి లాగింది. పసుపు ఎప్పుడో పోయింది.

"మామ్మగారూ, ఇది సీసం. నేను ఏట్లో వెతుకుతున్నది దీన్నే."

కోటమ్మకు మండింది. "మా ఆయన వల గుండమ్మా అది. ఇన్నేళ్ళూ మాకు కూడు పెట్టింది. పిల్లనేం చేస్తది?"

ఫర్జానా ఓపిగ్గానే చెప్పింది. ఒంట్లోకి పోయిన సీసం రక్తంలో కలుస్తుందని, పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుందని, మాటలు పోవడానికి అదే కారణం కావచ్చని చెప్పింది. కోటమ్మ వినలేదు. మొగుడి చేతి గుండును విషమంటే ఏ ఆడది వింటుంది? తిరపతమ్మ మాత్రం లోపలికి వెళ్ళి చేపలు కోసే కత్తి తెచ్చి, పిల్ల మొలతాడు తెగ్గోసింది. నేను గడపమీద పడి దొర్లాను. కోటమ్మ నన్ను తీసి సుబ్బారాయుడి ఫొటో పక్కన గూట్లో పెట్టింది. అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఇంట్లో నాంచారయ్య చెప్పుకుంటుంటే విన్నాను. పిల్ల రక్తంలో సీసం చాలా ఉందని తేలింది. పిల్ల ఎక్కడ ఆడుతుంది, ఏం నోట్లో పెట్టుకుంటుంది, గిన్నెలు దేనితో తోముతారు అని డాక్టరు ఒక్కొక్కటే అడిగారట. జవాబులన్నీ కోటమ్మే చెప్పిందట. చెప్పేకొద్దీ గొంతు తగ్గిపోయి, గుండు సంగతికి వచ్చేసరికి వినపడలేదట. మందులకు సీసం దిగుతుందని, పోయిన మాటలన్నీ తిరిగి వస్తాయో లేదో మాత్రం చెప్పలేమని డాక్టరు అన్నారట.

పిల్లను ఇంటికి తెచ్చారు. మొహంలో కాస్త కళ వచ్చింది, అన్నం తింటోంది, మాట మాత్రం లేదు. ఊరివాళ్ళు వెళ్ళి గొడవచేస్తే యార్డుకు తాళం పడింది, కొన్నాళ్ళకే ఊడింది. నాంచారయ్య వలకున్న సీసపు గుండ్లన్నీ విప్పి ఇనప గుండ్లు కట్టుకున్నాడు. ఒకరోజు ఇల్లు దులుపుతుంటే తిరపతమ్మకు గూట్లో నేను కనిపించాను. పిల్లను చంకనేసుకుని, నన్ను పట్టుకుని విసవిసా రేవుకు నడిచింది. ఎందుకో నాకు అర్థమైంది. వాళ్ళు వద్దనుకున్నదేదైనా అక్కడికే వెళుతుంది. తిరపతమ్మ చెయ్యి పైకెత్తింది.

వెనక పరిగెత్తుకొచ్చిన కోటమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. మొగుడి గుర్తుకోసం వచ్చిందనుకుంది కోడలు.

"నన్ను ఆపకత్తా."

"ఏట్లో వెయ్యకే," అంది కోటమ్మ. రొప్పుతోంది. "ఏట్లో వేస్తే పోద్దనుకునే గదా ఇన్నాళ్ళూ అన్నీ వేశాం. ఏదీ పోలా. అంతా కిందే ఉంది."

"మరి యాడ పారెయ్యమంటావ్?"

దొడ్లో వేస్తే పిల్ల ఆడుతుంది. పెంటమీద వేస్తే మేకలు వస్తాయి. పాతసామాన్లవాడికి ఇస్తే మళ్ళీ ఆ యార్డుకే, మళ్ళీ ఈ ఏటికే. అంత చిన్నదాన్ని, పారేయడానికి నాకు ఎక్కడా చోటు లేకపోయింది. చివరికి ఫర్జానా వచ్చినప్పుడు ఇచ్చేద్దాం, ఏం చెయ్యాలో ఆ అమ్మాయికే తెలుస్తుందని కోటమ్మ చెయ్యి చాపింది. చాలా రోజుల తర్వాత అత్త చేతిని కోడలు తాకింది. నన్ను అందులో పెట్టింది.

అప్పుడు లాస్య మాట్లాడింది.

"దా," అంది.

తిరపతమ్మ పిల్లను గుండెకు అదుముకుని, మళ్ళీ అనమ్మా, ఏదీ మళ్ళీ అను అంటూ వలవలా ఏడ్చింది. పిల్ల మళ్ళీ అంది. చిట్టిచెయ్యి చాపి, వేళ్ళు ముడిచి తెరిచి, దా, దా అని పిలిచింది. అమ్మను పిలుస్తోందే, అని కోటమ్మ కోడలి భుజంమీద తల వాల్చి ఏడ్చింది.

లాస్య అమ్మను చూడడం లేదు. నానమ్మ పిడికిలినే చూస్తోంది. పిలుస్తోంది నన్ను. ఇన్నాళ్ళకు తిరిగొచ్చిన మొదటి మాట నాకోసం వచ్చింది. ఆ పిడికిలి ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా బిగుసుకుంటే బాగుండునని వేడుకున్నాను.