ఎనిమిదో చీటీ

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఎనభై ఏడులో నరసరావుపేటలో నాకో చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, అక్షరాలు పేర్చే మౌలాలీ ఒకడు. పురుగుమందుల కొట్టు బసవయ్య పత్తి రైతులకు మందు డబ్బాతో పాటు ఇచ్చే చీటీలు ఏటా మా దగ్గరే వేయించేవాడు. ఒక్కో కాగితం మీద ఎనిమిది చీటీలు పడతాయి కాబట్టి అవే మాటలు ఎనిమిదిసార్లు పేర్చాలి. ఆ చాకిరీ మళ్ళీ పడలేక కిందటేడు పేర్చినదాన్ని విప్పకుండా దారం కట్టి దాచాం.

ఆ ఏడు బసవయ్య వచ్చి, "కొత్త మందు చానా ఘాటుది ఆదినారాయణా. పంపుకు నాలుగు మూతలు గాదు, రెండే. ఆ ఒక్క మాట మార్చు," అన్నాడు.

మౌలాలీ తల గోక్కున్నాడు. "అన్నా, ఆ మాట చోటు ఖాళీగా వదిలేసి ఎనిమిదీ అచ్చేద్దాం. చీటీలు కోసినాక 'రెండు' ఒక్కటే కట్టి, అన్నిటి మీదా కొడదాం. రేపు మందు మారినా మార్చేది ఒక్క చోటే."

"ఎనిమిది వందల చీటీలు మళ్ళీ మిషన్లో పెడతావా? మతుండే మాట్లాడుతున్నావా?" అని కసిరి, నేనే అక్షరాలు పీకే చిమటా పట్టుకుని కూర్చున్నాను.

ఏడు చీటీల్లో ఆ మాట మార్చేసరికి శుభలేఖల వాళ్ళొచ్చారు. వాళ్ళను పంపి వచ్చి, పని అయిపోయిందనుకుని అక్షరాల చట్రం బిగించేశాను. మౌలాలీ ప్రూఫు తీసి ఎనిమిదీ చదవబోతే కాగితం లాక్కున్నాను. "అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసుకుతామా? ఒక్క మెతుకు చాలదూ?" అన్నాను. పై చీటీ చూశాను. రెండు అనే ఉంది.

పది రోజుల తర్వాత వేరే పనికి అక్షరాలు చాలక, మౌలాలీ ఆ కట్టు విప్పి అక్షరాలను పెట్టె గళ్ళలో వేస్తూ ఆగిపోయాడు. "అన్నా, ఈ మూల దాంట్లో ఇంకా నాలుగే ఉందేంది?"

శుభలేఖల వాళ్ళొచ్చినప్పుడు వదిలేసిన చీటీ అది. కోప్పడటానికి కూడా ఎవరూ మిగల్లేదు.

కొట్టుకు పరుగెత్తాను. ఎనిమిదో చీటీని గుర్తుపట్టడం నాకు కష్టం కాదు. దాని అంచులో ఒక పువ్వు విరిగింది, అచ్చులో సగమే పడుతుంది. అలాంటివి వంద అచ్చయ్యాయి. బసవయ్య దగ్గర మిగిలిన కట్టల్లో అరవై మూడు దొరికాయి. మిగతావి రైతుల ఇళ్ళకు చేరిపోయాయి. "శావల్యాపురం పెదకోటయ్య మందు కొడతా చేలోనే పడిపోయాడంట. తాగి కలిపాడని ఊరంతా అంటున్నారు," అన్నాడు బసవయ్య.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. పెదకోటయ్య ఆస్పత్రి నుంచి వచ్చి నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. నేను ఆ చీటీలు అచ్చేసిన ప్రెస్సు నుంచి వచ్చానని చెప్పగానే అతని భార్య దుర్గమ్మ చూరులోంచి చీటీ తీసింది.

"మాకు చదువు రాదయ్యా. ఆ రోజు పక్కింటి పిల్ల చదివింది. ఇప్పుడేమో తనకి గుర్తు లేదంటంది. తాగొచ్చి కలిపాడని మా అన్నలు కూడా తిడుతున్నారు. నేనూ తిట్టా. మీరు చదివి చెప్పండి, ఎన్ని మూతలని ఉంది?"

అంచులో పువ్వు సగమే ఉంది. ఆ ఇంట్లో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు అంటే చాలు, నా ప్రెస్సు, నా పరువు అన్నీ నిలబడతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. మంచం మీది మనిషి కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"నాలుగు అని ఉందమ్మా. అది తప్పు. రెండే ఉండాలి. ఆ తప్పు వేసింది నేనే."

పెదకోటయ్య మెల్లగా తల తిప్పాడు. "నే చెప్పలా?" అన్నాడు పెళ్ళాంతో. అంతే, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

దుర్గమ్మ కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇట్టాంటి కాగితాలు ఇంకా ఎన్నున్నయ్ బయట?" అని అడిగింది.

"ముప్పై ఆరు."

"మరి ఈడ నిలబడ్డారేంది? పోండి!"