అనుమతి ఆమె పేరున

"టీ వేళకల్లా ఆ కంత మూసెయ్. పొద్దు వాలకముందే బోటు బయలుదేరాలి," అన్నాడు భర్త, వలని పెరట్లో ఆమె కాళ్ళ దగ్గర పడేస్తూ.

ఆమె దండెం మీద బట్టలు ఆరేస్తోంది. నోట్లో పట్టుకున్న క్లిప్పు తియ్యకుండానే తల ఊపింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. వాళ్ళది ట్రాలర్ బోటు. దాని వల సముద్రం అడుగుని ఊడ్చుకుంటూ పోతుంది, అడ్డొచ్చిన ప్రతిదాన్నీ సంచిలోకి లాగేస్తుంది. అందుకే అనుమతి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. సంచికి ముందు ఇనుప ఊచల చట్రం ఉండాలి, దాని పక్కన మనిషి పట్టేంత కంత ఉండాలి. చేపలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకి తగిలి కంతలోంచి బయటపడుతుంది. తాబేలుతో పాటు నాలుగు పెద్ద చేపలు కూడా బయటపడతాయని ఇంట్లో మగవాళ్ళ ఏడుపు. అందుకని తనిఖీకి ముందు ఆమె కుట్లు విప్పుతుంది, తనిఖీ అయిపోగానే మళ్ళీ కుడుతుంది. బయట వలలు కుట్టేవాళ్ళకైతే కూలీ ఇవ్వాలి, పైగా వాళ్ళ నోరు ఊరుకోదు. ఇంట్లో మనిషికి ఆ రెండు బాధలూ లేవు.

మొదటిసారి కుట్టినప్పుడు భర్త కుట్టులో వేళ్ళు పెట్టి గుంజి చూసి, "నీ కుట్టు గట్టిదే," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను మెచ్చుకున్నది ఆమె చేతి పనుల్లో ఆ ఒక్కదాన్నే. వంటలో ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ ఏమీ అనరు కదా. ఆ రోజంతా ఆమె లోలోపల పొంగిపోయింది. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

బోటు అనుమతి ఆమె పేరు మీద ఉంది. ఆడవాళ్ళ పేరు మీదైతే తొందరగా వస్తుందని బావగారు ఎక్కడో విని వచ్చి పెట్టించారు. అందువల్ల ఏడాదికి ఒక్కరోజు, తనిఖీ రోజున, ఆమె ఓనరు. ఇవాళ పొద్దున కూడా మంచి బట్టలు కట్టించి జెట్టీ దగ్గర నిలబెట్టారు. "మా ఓనరమ్మ అండి, మేమంతా ఆవిడ దగ్గర కూలీలం," అన్నారు బావగారు. అందరూ నవ్వారు. చేపల శాఖ ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కొత్తగా వచ్చిన షరతులు ఆమె ముందే పైకి చదివాడు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డు దగ్గర వల వెయ్యకూడదు. బోటు ఎక్కడుందో చెప్పే పెట్టె ఆపకూడదు. కంత మూసి దొరికితే ఇకమీదట జరిమానాతో పోదు, జైలు. "ఎవరికి సార్?" అని అడగాలనిపించింది ఆమెకి. అడగకముందే ఆయన చెప్పాడు. "అనుమతి ఎవరి పేరున ఉంటే వాళ్ళకమ్మా." తల ఊపమని భర్త ముందే చెప్పి ఉంచాడు కాబట్టి ఊపింది.

మధ్యాహ్నం అందరికీ వడ్డిస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, దొరికితే ఎలా అని అడిగింది. భర్త తల ఎత్తలేదు. అత్తగారే చెప్పింది, ఎంతో మామూలుగా.

"వాడు లోపలికి పోతే బోటు ఎవరు నడుపుతారే? నువ్వంటావా, పోతే పోతావు. నాలుగు రోజులు నేను వండుకోలేనా?"

"కూర," అన్నాడు భర్త, పళ్ళెం జరిపి. ఆమె వేసింది.

బావగారు ఇంకా కులాసాగా ఉన్నారు. "అంతదాకా వస్తే మాత్రం ఏంటి? ఈవిడ పేరు పోతే పిల్ల పేరు లేదా? వచ్చే ఏడాదికి పద్దెనిమిది నిండుతాయి. ఏమే, ఓనరవుతావా?" కూతురు నీళ్ళు తాగుతూ నవ్వింది. నవ్వాలేమో అనుకుని నవ్వింది. తల్లి గరిటెని గిన్నెలో పెట్టేసింది.

గిన్నెలు తోమి, పెరట్లో వల ముందు పీట వేసుకుని కూర్చుంది. నిన్న విప్పిన పాత దారం ముక్కలు ఇంకా నేల మీదే పడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. పైవైపు కొత్తదానిలా ఉంది. లోపలివైపు మాత్రం పీచు పీచుగా లేచి, తెగడానికి సిద్ధంగా ఉంది. తెగలేదు. ఎన్ని తాబేళ్ళు ఎంతసేపు కొట్టుకుంటే అలా అరుగుతుంది? నీళ్ళలో ఉండేవే కదా, వాటికేమవుతుందని ఒకసారి అడిగితే, అవి ఊపిరికి పైకి రావాలి, రాలేకపోతే చస్తాయి, మనమేం చేస్తాం అన్నాడు భర్త, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. ఆ తర్వాత ఆమె అడగలేదు. అడగకపోవడం కూడా ఆ ఇంట్లో ఆమె చేసే పనుల్లో ఒకటి. వల కుట్టే సూదికి దారం చుట్టి మూడు కుట్లు వేసింది. వదులుగా వేద్దామా అనుకుంది. లాభం లేదు, అతను ప్రతి కుట్టూ గుంజి చూస్తాడు. దాచిపెట్టి చేసే మంచి ఏదీ ఆ చేతులు దాటి పోదు. అదీగాక, ఈసారి తప్పించుకున్నా వచ్చే ఏడాది ఈ పీట మీద కూర్చునేది కూతురే. చట్రం మీద ముందుకు వంగిన పిల్ల మెడ, వెనక నిలబడి గుంజి చూసే చెయ్యి ఆమెకి ఎండలో స్పష్టంగా కనిపించాయి. "నీ కుట్టు గట్టిదే," అంటారు దానితో కూడా. అదీ పొంగిపోతుంది.

వేసిన మూడు కుట్లూ కత్తితో కోసేసింది.

"దారం తెస్తాను అత్తయ్యా," అని చెప్పి బయటపడింది. టీ వేళకి వచ్చెయ్యమని అత్తగారు లోపలినుంచే అరిచింది.

దారం కొట్టు దాటింది. జెట్టీ వీధి దాటింది. చేపల శాఖ ఆఫీసులో పొద్దుటి ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు, ఫ్యాను కింద ఏదో రాసుకుంటున్నాడు. ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని గుమ్మం వైపు చూశాడు.

"ఏమ్మా, మీవాళ్ళు రాలేదా?"

"నా పేరు మీదున్న అనుమతి తీసెయ్యండి."

"పొద్దున్నేగా సంతకం పెట్టారు? ఇంట్లో చెప్పే వచ్చారా?" ఆయన గొంతు తగ్గించాడు. "తీసేస్తే ఇవాళ బోటు కదలదమ్మా. మళ్ళీ అందరూ మిమ్మల్నే అంటారు. పోనీ మీ ఆయన పేరుకి మార్పిద్దాం, ఆయన్ని రమ్మనండి."

"మార్చండి," అంది. "ఆయన పేరు మీదుంటే ఆ కంత మూసెయ్యమని ఎవరూ నాకు చెప్పరు."

ఆయన కలం ఆగిపోయింది. ఆమె ముఖం వైపు చూస్తూ, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

బయట బావగారి బండి వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఆ బండి చప్పుడు ఆమె వీధి చివరినుంచే గుర్తుపడుతుంది, రోజూ లేచి పొయ్యి మీద టీ పెడుతుంది. ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది, కంత సంగతి చెప్పడం మొదలుపెట్టింది.