ఉప్పు రాసిన రొట్టె

లియోకాడియా చేసే మొక్కజొన్న రొట్టెలకు ఒహాకా ఊరి సంతలో మంచి పేరుండేది. మట్టి పెనం మీద రొట్టె పొంగిందంటే పక్క వీధివాళ్ళకు కూడా ఆకలి పుట్టాల్సిందే. అలాంటి మనిషి ఇక రొట్టె ముట్టకూడదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

“మడమ మీద పుండు చూశావుగా? షుగరు దిగితే మానుతుంది. రొట్టెలు, తీపి బ్రెడ్డు, సోడాలు మానలేనంటావా, ఆ కాలు తీసేస్తాం. నీ ఇష్టం.”

లియోకాడియా సరేనంది. వాళ్ళమ్మ ఒంటికాలితో మంచాన పడి, పక్కవాళ్ళను నీళ్ళడగడానికి కూడా సిగ్గుపడి ఎలా పోయిందో ఆమె కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి ఆమె పళ్ళెంలో నాగజెముడు రెబ్బల వేపుడు, గుడ్లు, కాస్త చీజు, వేయించిన మిడతలు తప్ప మరొకటి లేదు. మొదట్లో ప్రాణం కొట్టుకులాడింది. చేతులు రొట్టెలు చరుస్తుంటే నోట్లో నీళ్ళూరేవి. వాటినే మింగి ఊరుకునేది. ఎండలు ముదిరేసరికి పుండు అంచులు దగ్గరపడి, లేత చర్మం వచ్చింది. పొద్దున్నే అద్దం నేలమీద పెట్టి, మడమ చూసుకుని మురిసిపోయేది పిచ్చిది.

ఆ మురిపెం ఉబల్దీనా కళ్ళలో పడింది. ఉబల్దీనా అంటే పోయిన మొగుడి అక్క. కొట్టు ఆవిడది, పెనం ఆవిడది, లియోకాడియా తలదాచుకునే గది కూడా ఆవిడదే. ఆ సంగతి రోజుకోసారి దెప్పకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

ఆ సంతలో ఒక అలవాటుంది. రొట్టెలు చేసే మనిషి పెనం మీది తొలి రొట్టెకు ఉప్పు రాసి, చుట్టి, కొనేవాళ్ళ ఎదుటే తినాలి. ఆ తర్వాతే బేరం. లియోకాడియా ఆ రొట్టెను కొన్నాళ్ళుగా కుక్కకు పడేస్తోంది. ఎదురుకొట్టు చోఫీ అది చూడనే చూసింది. ఇంకేముంది, సంతంతా గుప్పుమంది. పురుగు పట్టిన గింజలని ఒకరు, గింజలు నానబెట్టే సున్నం పిండిలో ఎక్కువైందని ఇంకొకరు. సాయంత్రానికి గంపలో సగం రొట్టెలు అలాగే మిగిలిపోసాగాయి.

“ఏమే మహారాణీ, నువ్వు చేసిన రొట్టె నీకే పనికిరాదా?” నలుగురిలో నిలదీసింది ఉబల్దీనా.

“కాలు పోతుంది వదినా. నీకు తెలుసుగా.”

“రొట్టె తింటే కాలు పోతుందా! మా నాన్న పూటకో గంప ఖాళీ చేసి, తొంభై ఏళ్ళు రాయిలా తిరిగాడు. నీది షుగరు కాదే, సోకు. సన్నబడి ఎవడికి చూపించుకుందామని?”

చోఫీ పగలబడి నవ్వింది. ఆమెతో పాటు అందరూ నవ్వారు.

“తిను. జనం చూస్తున్నారు. తిననంటే ఇవాళే గది ఖాళీ చెయ్,” అంది ఉబల్దీనా.

లియోకాడియా తిన్నది. ఎన్నాళ్ళకో నాలుకకు తగిలిన ఆ రుచికి ఆమెకు ఏడుపొచ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఒక్కదాంతో పోలేదు. అనుమానంగా చూసే ముఖం కనబడితే చాలు, “తిను, జనం చూస్తున్నారు” అనేది ఉబల్దీనా. బేరాలు మళ్ళీ పుంజుకున్నాయి. వానలు పడేసరికి పుండు మళ్ళీ నోరు తెరిచింది. మొద్దుబారిన కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. వాసన తెలిసింది. డాక్టరమ్మ తిట్టలేదు, మోకాలి కింద గీత గీసి ఎక్కడిదాకా తీస్తారో చూపించింది.

కాలు తీసిన చోట కట్టు విప్పగానే ఉబల్దీనా ఎత్తు పీట వేసి, ఆమెను మళ్ళీ పెనం ముందు కూర్చోబెట్టింది. “కూర్చుని చేసే పనేగా, కాలెందుకు?” అంది. తొలి రొట్టె తినమని ఇప్పుడు ఎవరూ అడగలేదు. పైగా జాలిపడి కొనేవాళ్ళు కూడా తోడయ్యారు. లియోకాడియా రొట్టెలు చరుస్తూ కూర్చుంది. ఆమెకు మిగిలింది కోపమొక్కటే, దాన్ని జాగ్రత్తగా దాచుకుంది.

ఏడాది తిరక్కుండానే ఉబల్దీనా పాలిపోయిన ముఖంతో ఆసుపత్రి నుంచి నేరుగా కొట్టుకొచ్చింది. బొటనవేలి మీద నల్లటి మచ్చ.

“లియో తల్లీ,” అని గుసగుసలాడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా పిలిచిన పాపాన పోలేదు. “నాకూ షుగరేనటే. రొట్టె మానకపోతే వేలు తీసేస్తారట. ఆ నాగజెముడు ఎలా వండుకునేదానివే? నాకూ కాస్త వండిపెట్టవూ?”

లియోకాడియా పొంగిన రొట్టెను పెనం మీంచి తీసి, ఉప్పు రాసి, నెమ్మదిగా చుట్టింది.

“ఏంటి వదినా!” సంతంతా వినబడేలా గొంతెత్తింది. “మన కొట్టు రొట్టె నువ్వు కూడా తిననంటున్నావా?”

గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు తలలు తిప్పారు. చోఫీ అయితే కొట్టు దిగి మరీ దగ్గరకొచ్చింది. ఉబల్దీనా ఆ ముఖాలను చూసింది, నిండుగా ఉన్న గంపను చూసింది, తన వేలిని చూసుకుంది.

“తిను వదినా,” అంది లియోకాడియా, రొట్టె చేతిలో పెడుతూ. “జనం చూస్తున్నారు.”

ఉబల్దీనా నోరు తెరిచి కొరికింది. ఆవిడ నములుతుండగానే లియోకాడియా ఇంకో పిండిముద్ద తీసుకుని చరచడం మొదలుపెట్టింది.