రెండు వందల పద్నాలుగో రాయి

షియోమి కోట ఆగ్నేయపు గోడ మూడేళ్ల కిందట భూకంపానికి కూలింది. కూలిన ప్రతి రాయికీ నంబరు వేశారు. పాత ఫోటోలు చూసి, ఏ రాయి ఎక్కడుండేదో అక్కడే, అదే తీరులో మళ్లీ పెట్టాలన్నది నగర కార్యాలయం నియమం. అలా నిలవని రాయిని తీసేసి కొత్తది చెక్కాలి.

మేస్త్రీ కవాజోయె తెత్సురో పని 214వ రాయి దగ్గర ఆగిపోయింది. దాని పొడవు నాలుగడుగులు. కూలకముందు తీసిన ఫోటోల్లో ఆ పొడవు వైపే బయటికి కనిపిస్తోంది. అలా పెడితే గోడ లోపలికి అడుగున్నర కూడా పోదు. 1958 నాటి బడిపిల్లల ఫోటో ఒకటి దొరికింది. అందులో అదే చోట చిన్న చదరపు ముఖం కనిపిస్తోంది. అంటే అప్పట్లో పొడవంతా గోడలోనే ఉండేది. 1961లో ఒకసారి మరమ్మతు జరిగింది. ఆ పనిపుస్తకంలో ఈ రాయి ఎదురుగా 'ముట్టలేదు' అని ఉంది. రాసింది తెత్సురో తండ్రి సకుజి.

"ఫోటో మసకగా ఉంది. పుస్తకమేమో ముట్టలేదంటోంది," అంది కార్యాలయం నుంచి వచ్చిన నిషివాకి. "రాయిని తిప్పారని ఎవరైనా సాక్ష్యం చెబితే తప్ప నేను సంతకం పెట్టలేను. రెండింటికల్లా పోటెత్తి అగడ్తలోకి సముద్రపు నీరు వచ్చేస్తుంది, పని ఆపెయ్యాలి. ఈలోపు తేలకపోతే కొత్త రాయే."

తెత్సురో తండ్రిని అడగలేదు. ఎనభై ఎనిమిదేళ్ల సకుజి, గోడను పడగొట్టింది భూకంపమే తప్ప తన పనితనం కాదని మూడేళ్లుగా వాడకట్టు స్నానశాలలో అందరికీ చెబుతున్నాడు.

ఆ రోజు ఆదివారం కావడంతో కోట పని చూడటానికి జనాన్ని రానిచ్చారు. పదకొండింటికి సకుజి చేతికర్ర పట్టుకుని జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికొచ్చాడు.

"ఒక్కడివే వచ్చావా నాన్నా? ఇంట్లో చెప్పావా?"

"చీటీ రాసి పెట్టాను. నీ పెళ్లాం కళ్లజోడు దొరికితే చదువుకుంటుంది."

ఆయన గొలుసుకు వేలాడుతున్న రాయిని చూశాడు.

"దాన్ని అడ్డంగా ఎందుకు కట్టారు? పొడవంతా తోకలా గోడ లోపలికి పోవాలని నీకు నేర్పలేదూ?"

"నేర్పావు. కానీ ఇదివరకు అట్లాగే ఉంది. పుస్తకంలో ముట్టలేదని నువ్వే రాశావు."

నిషివాకి సకుజికి బడిపిల్లల ఫోటో చూపించింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా, తర్వాత దూరంగా పట్టుకుని చూశాడు.

"తాతగారూ, మీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు. మధ్యలో ఇదొక్కటి పన్ను ఊడినట్టు చిన్నగా కనబడేది. మరమ్మతు ముగిసింది, తెల్లారితే కోట తెరుస్తున్నారు. అడ్డంగా తిప్పితే చూడ్డానికి బాగుంటుందనిపించింది. తిప్పాను."

"మరి పుస్తకంలో?"

"తిప్పానని రాస్తే మా మేస్త్రీ ఊరుకుంటాడా? నా చేత మళ్లీ విప్పించేవాడు."

తెత్సురో చేతి తొడుగులు తీశాడు. "మూడేళ్లుగా భూకంపాన్ని తిడుతున్నావు కదా."

"భూకంపం వచ్చిన మాట అబద్ధమా? పక్క గోడ నిలబడిందన్న సంగతి నాకూ తెలుసులే."

"ఇది నివేదికలోకి ఎక్కుతుంది," అంది నిషివాకి. "గోడ దగ్గర బోర్డు మీద కూడా వేస్తారు. పేరు లేకుండా రాయమంటారా?"

"పేరు లేకపోతే నా కూడా పనిచేసిన వాళ్ల మీదకి పోతుంది. వాళ్లెవరూ లేరిప్పుడు చెప్పుకోడానికి. కవాజోయె సకుజి తప్పు పెట్టాడని రాయండి."

ఆమె రాసింది. ఆయన సంతకం పెట్టాడు. తెత్సురో రాయిని దించి, తిప్పి కట్టించాడు. పన్నెండున్నరకు అది చోట్లో కూర్చుంది. బయటికి చదరపు ముఖం మాత్రమే కనిపించింది. తెత్సురో ఇనుప కడ్డీతో కదిపి చూశాడు. కదల్లేదు.

"ఇక ఇంటికెళ్లు నాన్నా. కుర్రాడెవరినైనా కారిచ్చి పంపిస్తాను."

సకుజి కదల్లేదు. నేల మీద వరసగా పేర్చిన రాళ్ల వైపు చూస్తున్నాడు.

"తెత్సు."

"ఏంటి?"

"ఆ 219 కూడా."

"కూడా అంటే?"

"ఆ సాయంత్రమే తిప్పాను. అటు చివర 226 కూడా అనుకుంటా. దగ్గరికెళ్లి చూస్తే గానీ చెప్పలేను."

నిషివాకి గడియారం చూసుకుని సంచిలోంచి ఇంకో రెండు ఫారాలు తీసింది. తెత్సురో తండ్రి మోచెయ్యి పట్టుకుని రాళ్ల మధ్యకు తీసుకెళ్లాడు.