తోకలో ప్రయాణికులు

2019 జనవరి 27, ఆదివారం. పొద్దున్నే మా ఇంట్లో పెసరట్లు, అల్లం పచ్చడి. భీమేశ్వరుడు మూడు తిన్నాడు. ఏడాదిన్నరగా ఒకటి తిని రెండోది సగంలో వదిలేసే మనిషి మూడోది అడిగి వేయించుకున్నాడంటే అది మామూలు ఆదివారం కాదని నాకు అర్థమైంది. నాకు మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. నేను ఒక విమానాన్ని. నా ఆహారం పెట్రోలు, అందులో కాస్త ఆయిలు.

విమానం అనగానే మీరు లేచి నిలబడక్కర్లేదు. నాలో ఎవరూ ఎక్కలేరు. నేను రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాన్ని. బొమ్మే కదా అని చులకన చేయనూ వద్దు. ఈ చివర నుంచి ఆ చివరకి నా రెక్కలు తొమ్మిదడుగులు. బరువు ఎనిమిది కిలోలు. ఒళ్ళంతా పసుపు రంగు, నడుం పొడవునా నల్ల చార. వంశం సంగతికొస్తే గొప్పలు చెప్పుకోను. నా ఇంజిను పూర్వాశ్రమంలో ఓ కొబ్బరితోటలో గడ్డి కోసింది. ఇప్పటికీ పచ్చిక కనపడితే దాని ప్రాణం అటే లాగుతుంది.

నన్ను చేసింది భీమేశ్వరుడే. రాజమండ్రిలో ఓ కాగితపు మిల్లులో ముప్పై నాలుగేళ్ళు మిషన్లు బాగుచేసి రిటైరయ్యాడు. నా ప్లాను కాగితాలు పెళ్ళికి ముందు నుంచీ ఆయన ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తీరిక దొరికాక మొదలుపెడదాం అనుకున్నాడు. తీరిక దొరికేసరికి భార్య అలివేలు పోయింది. ఆయన మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆరు నెలలు అదే గోడ. కాకినాడ నుంచి పెద్దక్క వరహాలమ్మ వచ్చి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. ఏడో నెలలో ట్రంకు పెట్టె దులిపి, ఆ కాగితాలు తీసుకొచ్చి తమ్ముడి మొహం మీద పడేసింది.

"ఇవి చిత్తుకాగితాలవాడికి వేసేయమంటావా, ఏదన్నా చేసి చస్తావా?"

నేను పుట్టడానికి పెట్టిన ముహూర్తం అదీ.

నా రెక్కని భోజనాల బల్ల మీద కట్టాడు. అంత పొడుగు బల్ల ఆ ఇంట్లో ఇంకోటి లేదు. దూది కంటే కొంచెం బరువుండే బాల్సా చెక్కని పుల్లలుగా కోసి, జిగురుతో ఒకదానికొకటి అతికించి, గుండుసూదులు గుచ్చి ఆరబెట్టేవాడు. బల్లకి ఎదురుగా అలివేలు కుర్చీ ఉండేది. రెక్క లేచేకొద్దీ ఆ కుర్చీ కనపడకుండా నేను అడ్డం వచ్చాను. నేను ఆ ఇంటికి చేసిన మొదటి ఉపకారం అదే. తర్వాత పైన పలచటి పసుపు పొర వేసి ఇస్త్రీ పెట్టెతో అంటించాడు. సొంత చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చేతకాని మనిషి, నా తొమ్మిదడుగులకీ ఒక్క ముడత లేకుండా చేశాడు. మనుషుల తెలివి ఎటు పారుతుందో వాళ్ళకే తెలియదు.

ఇక మా విమానాశ్రయం. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో 'స్వర్ణవిహార్ ఫేజ్ టూ' అనే వెంచర్ ఉంది. ఫేజ్ వన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గుమ్మానికి రెండు సిమెంటు ఏనుగులు, లోపల నలభై అడుగుల తారురోడ్లు, వరసగా ప్లాటు రాళ్ళు. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. పదేళ్ళుగా అక్కడ కాపురముంటున్నది కాపలాదారు సింహాద్రి, అతని గేదె. నా కోసమే వేశారా అన్నట్టుండేది ఆ రోడ్డు.

ఆ ఆదివారం నా మొదటి ఎగరవేతకి భీమేశ్వరుడి స్నేహితుడు జోగినాథం వచ్చాడు. విమానదళంలో పాతికేళ్ళు పనిచేశాడు. ఏం పనో అడిగితే మాట మారుస్తాడు. టైర్లలో గాలి కొట్టేవాడని నా అనుమానం. పరీక్ష మాత్రం పద్ధతిగా చేశారు. ఒకడు నన్ను పట్టుకున్నాడు, ఒకడు రిమోటు పట్టుకుని నూరడుగులు నడిచి, నా తోకా రెక్కల అంచులూ మాట వింటున్నాయో లేదో చూశాడు. గుప్పెడు దుమ్ము గాలిలో వదిలి గాలివాటు చూశారు.

"ఒరేయ్, చేతులు వణుకుతున్నాయి నీకు. రిమోటు ఇలా ఇయ్యి" అన్నాడు జోగినాథం.

"టైర్లలో గాలి కొట్టినోడివి, గాల్లోది నీకెందుకురా?"

నా అనుమానం తీరింది.

రోడ్డు మీద పరిగెత్తి, మూడో ప్లాటు రాయి దగ్గర నేల వదిలేశాను. కొంచెం ఎడమకి ఒరుగుతున్నాను. భీమేశ్వరుడు రిమోటు మీద చిన్న మీటని రెండు నొక్కులు కుడికి నొక్కాడు. అంతే, తిన్నగా అయిపోయాను. పైకి తీసుకెళ్ళి ఇంజిను తగ్గించి చూశాడు. ముక్కు మెల్లగా వంచి, వేగం అందుకుని మళ్ళీ లేచాను. అప్పుడాయన రెండు చేతులూ రిమోటు మీంచి తీసేసి నవ్వాడు. విమానం సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు అదే, చేతులు తీసేసినా తన దారిన తాను పోవడం. నవ్వడం ఆయనకింకా వచ్చునని నాకప్పుడే తెలిసింది.

ఇదంతా బరువు సర్దుబాటు వల్ల. రెక్క కింద ఒక చోటు ఉంటుంది, అక్కడ రెండు వేళ్ళతో ఎత్తితే నేను ముందుకీ వెనక్కీ వాలకుండా నిలబడాలి. పుస్తకాల్లో దాన్ని గరిమనాభి అంటారు. జోగినాథం బొడ్డు అంటాడు. అది అంగుళంలో సగం వెనక్కి జరిగినా నేను నా మాటే విననిక. అందుకని భీమేశ్వరుడు ముక్కులో, చేపల వలలకి కట్టే సీసం గుళ్ళు పెట్టి, శనివారం సాయంత్రం షెడ్డులో నన్ను రెండు కర్రల మీద నిలబెట్టి చూసేవాడు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

తప్పల్లా నేను మొదటిసారి ఎగిరిన రాత్రి భోజనాల దగ్గర ఆయన చేసింది. అక్కకి గొప్పగా చెప్పాడు.

"నాలుగు తాటిచెట్లంత ఎత్తు లేచిందే అక్కా!"

"పడితే?"

"పడితే ముక్కలవుతుంది. అయితే ఏవైంది, మళ్ళీ కట్టుకుంటా."

వరహాలమ్మకి 'ముక్కలవుతుంది' ఒక్కటే వినపడింది. అది ముక్కలైతే వీడు మళ్ళీ ఆ గోడవైపు తిరుగుతాడు. ఆవిడ ఆలోచించింది. గాలిలో తిరిగే వస్తువుకి గాలికొడుకుని మించిన కాపలా ఎవరు? తర్వాతి ఆదివారం తెల్లారగట్ల షెడ్డులోకి వచ్చి, తీగలు సర్దుకోవడానికి నా తోక కింద పెట్టిన చిన్న మూత తీసి, దేవుడి గదిలోని ఇత్తడి ఆంజనేయుణ్ణి దూదిలో చుట్టి లోపల కూర్చోబెట్టింది. "నాయనా, వాడి బొమ్మని పడనీకు" అని మూత వేసింది.

ఆంజనేయుడు నూరు గ్రాములు. ముక్కు దగ్గరైతే లెక్కలోకి రాడు. తోక చివర కూర్చుంటే ఆయన అసలు బరువు తెలుస్తుంది. లంక వాళ్ళకి తెలిసినట్టే నాకూ తెలిసింది. రోడ్డు ఇంకా సగం ఉండగానే కాలు నేలమీద ఆనక, ముక్కు ఆకాశంలో పెట్టి గుర్రంలా లేచాను. భీమేశ్వరుడు కిందికి నొక్కితే మరీ కిందికి, పైకి లాగితే మరీ పైకి. చెమటలు కక్కుతూ ఎలాగో దింపాడు.

"విమానం ఎగరేశావా, గాలిపటమా?" అన్నాడు జోగినాథం.

ఇంటికి రాగానే వరహాలమ్మ దుమ్ము తుడిచే నెపంతో వచ్చి, స్వామిని చెంగులో వేసుకుని పోయింది. సాయంత్రం దీపం వేళకి ఆయన పీట మీద ఉండాలి కదా. ఆ తర్వాత భీమేశ్వరుడు నన్ను కర్రల మీద నిలబెట్టి చూస్తే ఇంకేముంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన చాలాసేపు నన్ను చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

నాకు నోరుంటే అక్కడితో కథ అయిపోయేది. నోరు లేదు, ఉన్నది గడ్డి కోసే ఇంజిను.

తమ్ముడు దిగులుగా ఉన్నాడని గ్రహించిన వరహాలమ్మ, ఆంజనేయుడికి చెయ్యి చాల్లేదనుకుంది. మూడో ఆదివారం విఘ్నాలు లేకుండా వినాయకుణ్ణి కూడా ఎక్కించింది. ఆయన సంగతి చెప్పక్కర్లేదు, బొజ్జతో సహా వచ్చాడు. నేను లేచి, ఆగి, వెనక్కి పడబోయి, పల్టీ కొట్టి, గేదెకి గజం దూరంలో దిగాను. చక్రం వంకరపోయింది.

"ఆయ్, తమరి ఇమానం చూసిన కాణ్ణుంచీ గేదె చేపట్లేదండీ" అన్నాడు సింహాద్రి ఖాళీ పాలచెంబు చూపిస్తూ. గేదె బెదిరి పాలు బిగబట్టిందన్నమాట. భీమేశ్వరుడు సారీ చెప్పింది సింహాద్రికా గేదెకా తెలియలేదు. అటే చూస్తూ చెప్పాడు.

ఆ వారమంతా ఆయన ఏవేవో మార్చాడు. ముక్కు మీద తిరిగే పంకా మార్చాడు, ఇంజిను కాస్త కిందికి వంచాడు, తోక కదలిక తగ్గించాడు. శనివారం జోగినాథంతో మెల్లగా అన్నాడు. "కంటి ఆపరేషన్ తర్వాత నాకు దూరం తెలియట్లేదేమోరా. చేతికి కూడా అలవాటు తప్పింది. రేపొక్కసారి చూస్తా. కుదరకపోతే దీన్ని అటకెక్కించేద్దాం."

ఆ మాట వంటింట్లోకి వినపడింది. అక్కడ గిన్నెల చప్పుడు ఆగింది. నాకూ ఆగినంత పనైంది. అటక ఆరడుగులే. నేనెక్కాలంటే రెక్కలు కోయాలి. అదీ సరే, నేను అటక మీదికీ ఆయన మంచం మీదికీ ఒకే రోజు ఎక్కుతామని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 17. పులిహోర గిన్నెతో వరహాలమ్మ కూడా నన్ను తీసుకెళ్ళే వ్యాను ఎక్కింది. ఇంతకు ముందెప్పుడూ రాలేదు. నా తోకలో అప్పటికి ముగ్గురున్నారు. ఇద్దరివల్లా కాలేదని వేంకటేశ్వరుణ్ణి తెచ్చింది. ఆయన పోత పోసిన విగ్రహం, ఏడు కొండలూ కలిపి పోసినట్టున్నారు. ఇక ఈ పూట లేవడమంటూ జరిగితే అది పడటానికేనని నాకు తెలిసిపోయింది.

అందరూ పులిహోర తిన్నారు. నన్ను గాలికి ఎదురు తిప్పడానికి జోగినాథం తోక పట్టుకుని ఎత్తాడు. ఎత్తి, ఆగి, దింపి, మళ్ళీ ఎత్తాడు.

"ఒరేయ్ భీముడూ, నీ విమానం నెల తప్పిందేవిట్రా?"

"నోర్ముయ్యి. నిన్న సాయంత్రమే చూశా. సరిగ్గా ఉంది."

"నిన్న సంగతి నిన్న. ఇక్కడ చూశావా ఎప్పుడన్నా?"

చూడలేదు. చెరో పక్క రెండు వేళ్ళతో నన్ను ఎత్తారు. నా తోక టప్పున నేలకి కొట్టుకుంది. భీమేశ్వరుడి మొహం తెల్లబోయింది. జోగినాథం మూత తీశాడు. దూదిలో ముగ్గురు దేవుళ్ళు, బస్సులో వెనక సీటు దొరికిన యాత్రికుల్లా ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునున్నారు.

"ముట్టుకోకండి, ఎంగిలి చేతులు!" అని అరిచింది వరహాలమ్మ.

ఆ ఒక్క అరుపుతో నేరం రుజువైపోయింది.

"అక్కగారూ, మీరా?" అన్నాడు జోగినాథం. "ఒక్క దేవుడు చాలడా? ఇంకో వారం ఆగితే నవగ్రహాలు ఎక్కేవారు!"

వరహాలమ్మ నవ్వలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది పడితే వీడు పడతాడని పెట్టాన్రా. నావల్లే పడబోతోందని నాకేం తెలుసు? ఆంజనేయుడు కొండనే మోశాడు, ఈ బొమ్మని మోయలేడా అనుకున్నా."

భీమేశ్వరుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. రెండు చేతులూ ముందుకు చాచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు.

"నీ చేతులకేం రా, నాన్న చేతులవి" అంది వరహాలమ్మ.

ఆయన చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. వేంకటేశ్వరుణ్ణీ వినాయకుణ్ణీ తీసి అక్క ఒళ్ళో పెట్టాడు. ఆంజనేయుణ్ణి పట్టుకుని కాసేపు ఆలోచించి, రెక్క కింద అద్దాల గదిలో ఖాళీగా ఉన్న పైలట్ సీటులో దూదితో సహా కూర్చోబెట్టాడు. అక్కడ నూరు గ్రాములున్నా నా నాభి కదలదు. మళ్ళీ వేళ్ళ మీద ఎత్తి చూశారు. త్రాసు ముల్లులా నిలబడ్డాను.

మూడో ప్లాటు రాయి దగ్గర నేల వదిలాను. వరహాలమ్మ కళ్ళు మూసుకుని, ఒళ్ళో ఉన్న ఇద్దర్నీ గట్టిగా పట్టుకుంది.

"అక్కా, కళ్ళు తెరువు. చేతులు వదిలేశా చూడు!"

ఆవిడ తెరిచింది. తమ్ముడు రెండు చేతులూ గాలిలో పెట్టి నిలబడున్నాడు. నేను నాలుగు తాటిచెట్ల ఎత్తున, ఎవరూ పట్టుకోకుండా, నా దారిన నేను పోతున్నాను. దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడ్డానన్నది నిజం. అది నా తప్పే, ఆయనది కాదు. గేదె తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడింది.

సింహాద్రి పరిగెత్తుకొచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. "ముందు సీట్లో ఎవరండీ?"

"మా డ్రైవరు" అన్నాడు జోగినాథం.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నా రెక్కకి ఇప్పుడు నాలుగు అతుకులు. పడకుండా ఎవరూ ఉండరు, పడ్డప్పుడల్లా ఆయన కట్టుకుంటూనే ఉన్నాడు. వేంకటేశ్వరుడు, వినాయకుడు ఇంట్లో పీట మీదే ఉన్నారు. ఆంజనేయుడు మాత్రం ఆ ఆదివారం నుంచి ఇంట్లోకి రాలేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళడానికి వరహాలమ్మ షెడ్డులోకి వచ్చింది. సీటులో కూర్చున్న స్వామిని చూసి, చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇంట్లోకి వెళ్ళి దీపం పట్టుకొచ్చింది.

"అక్కా, పెట్రోలే బాబూ! దీపం లోపలికి తేకు!" అని వరండాలోంచి కేక వేశాడు భీమేశ్వరుడు.

అప్పటినుంచీ రోజూ అదే వరస. దీపం గుమ్మం అవతల పెడుతుంది. అక్కడినుంచే దణ్ణం పెట్టుకుంటుంది. ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేస్తుంది.