ఒకటో తరగతి గోడ

పొద్దున్నే గదులు తెరిచే బడి ఆయా చేతిలో చీపురుతో పాటు కొలిచే టేపు కూడా ఉండేది. ఎవరైనా పిల్లల్ని కసిరితే ఒకటో తరగతి గది కాస్త ముడుచుకునేది మరి. ఎంత ముడుచుకుందో కొలిచి, దానికి తగ్గట్టు బెంచీలు జరిపి, ఆయా తన పని చూసుకునేది. వానకు తలుపులు ఉబ్బవా, ఇదీ అంతేనని అందరూ సరిపెట్టుకున్నారు.

కొత్త టీచరమ్మ చేరేనాటికి గది బాగా ఇరుకైపోయింది. అంతకుముందున్న మాస్టారిది పెద్ద గొంతు. ఇంకొక్క బెత్తెడు తగ్గితే చివరి బెంచీ తీసేసి, దానిమీద కూర్చునే పిల్లను పంపించేస్తానని పెద్ద మేడం ముందే చెప్పింది. ఆ పిల్లను అందరూ బొంగరం అనేవాళ్లు. తిట్టే నోరూ తిరిగే కాలూ ఊరుకోవంటారు, బొంగరం కాలు అలాంటిది. అంతకుముందే వేరే బడి పొమ్మంది. ఇక్కడా పొమ్మంటే ఇక చదువు ఆగినట్టేనని అమ్మమ్మ గేటు దగ్గర టీచరమ్మతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

టీచరమ్మ శిక్షణలో నేర్చుకున్నవన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఆయా నవ్వుకుంది. టీచరమ్మ అరవదు. చప్పట్లు కొడితే పిల్లలూ చప్పట్లు కొట్టి మాటలు ఆపాలి. కుదురుగా కూర్చున్నవాళ్లకు నక్షత్రం. కుడిగోడకు చార్టు కట్టి, పేర్ల ఎదురుగా మెరిసే కాగితపు నక్షత్రాలు అతికించేది. కొద్దిరోజుల్లోనే గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించసాగింది.

అయినా గది ఇంకో బెత్తెడు తగ్గింది.

"అరిచారా టీచరమ్మా?" అంది ఆయా, మళ్లీ కొలుస్తూ.

"ఒక్క మాట అనలేదమ్మా."

ఇద్దరికీ వింతగానే ఉంది. నాలుగు గోడలూ తడిమి చూశారు. మూడు బాగానే ఉన్నాయి. కుడిగోడ మాత్రం చార్టు అడుగున కడుపులా లోపలికి పొడుచుకొచ్చింది. సరిగ్గా అక్కడే బొంగరం పేరుంది, దాని ఎదురుగా ఒక్క నక్షత్రమూ లేదు. తను నోటితో అనని తిట్టు రోజూ అందరికీ కనబడేలా ఇక్కడ వేలాడుతోందని టీచరమ్మకు అర్థమైంది. చాలా సిగ్గేసింది. చార్టు ఊడదీసి చుట్టేసింది.

ఆ రోజు నుంచి బొంగరాన్ని కూర్చోబెట్టడం మాని, అసలు ఆ పిల్ల ఎక్కడికి తిరుగుతోందో చూడసాగింది. ఒకసారి బొంగరం కిటికీ దగ్గరికి వెళ్లి తెర లాగింది. ముందు బెంచీ పిల్లాడి కళ్లలో ఎండ పడుతోంది.

"వాడి కళ్లలో ఎండ పడుతోందని చూసి తెర వేశావు," అంది టీచరమ్మ.

గోడ కిర్రుమని కొంచెం వెనక్కి జరిగింది. ఊరికే మంచి పిల్లవంటే అంగుళం కూడా కదలదని ఆమె మర్నాడు కనిపెట్టింది. చేసిన పని చేసినట్టు చెప్పాలి. పక్కపిల్ల పెన్సిలు చెక్కిచ్చావు, ఏడుస్తున్నవాడి పక్కన కూర్చున్నావు. ఒక్కొక్కరికీ ఒక్కో మాట దొరుకుతోంటే ఆమెకే ఆశ్చర్యంగా ఉండేది. ఆయా బెంచీలు దూరందూరంగా జరపసాగింది.

గది తగ్గిందన్న కబురే పెద్ద మేడానికి చేరింది, పెరిగిన సంగతి ఎవరూ చెప్పలేదు. వారం చివర ఆవిడ బొంగరాన్ని పంపించే కాగితం పట్టుకుని వచ్చింది. గుమ్మం నుంచి చివరి బెంచీ చాలా దూరంలో కనిపించింది. నడిచింది. సగందూరంలో ఆగి బల్ల పట్టుకుంది.

బొంగరం లేచింది. ఈ ఒక్కరోజైనా కూర్చోకూడదా అనుకుంది టీచరమ్మ. ఆ పిల్ల టీచరు కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి మేడం వెనక వేసింది. ఆవిడ కూలబడింది. ఎవరినీ మెచ్చుకుని ఎరగని మనిషి, మాట కోసం కాసేపు వెతుక్కుంది.

"నా మోకాళ్లు నొప్పని నేనెవరికీ చెప్పలేదు. నువ్వు చూశావు."

వెనక గోడ పెద్ద నిట్టూర్పు విడిచి దూరంగా జరిగింది. గుమ్మంలో ఉన్న ఆయా టేపు తియ్యబోయి, అక్కర్లేదనుకుని మళ్లీ బొడ్లో దోపుకుంది.

"ఇంకో బెంచీ పడుతుంది మేడం," అంది.

పెద్ద మేడం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"వేయించు. ఈ పిల్ల బెంచీ మాత్రం తియ్యకు."